అక్క నొప్పికి వంతులు

భిలాయిలోని మా కొద్దిపాటి తెలుగు కథోలిక కుటుంబాల మధ్య ఒక మాట స్థిరపడిపోయింది. మా అక్క కాన్సరుతో పోయేటప్పుడు ఒక్క సూదిమందు కూడా పుచ్చుకోలేదని, నొప్పినంతటినీ దేవునికి కానుకగా అర్పించి పునీతురాలిలా కన్నుమూసిందని. ఇది అబద్ధం. 1978 వానాకాలంలో ఆమెకు రెండు రాత్రులు మార్ఫిన్ ఇచ్చారు. ఆ రెండు రాత్రులూ ఆమె నిద్రపోయింది. ఉక్కు కర్మాగారపు ప్రయోగశాలలో కరిగిన లోహంలో కార్బన్ శాతం తేల్చడం నా ఉద్యోగం. దశాంశం తరువాతి రెండో అంకె తప్పితే ఒక కొలిమెడు ఉక్కు పనికిరాకుండా పోతుంది. తేదీ, అంకె లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. కనుక ఆ నిద్ర సంగతి జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

మా బావ అదే కర్మాగారంలో, బొగ్గును కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్లలో ఫోర్‌మన్. అరవైల మొదట్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, తరువాత నన్నూ పిలిపించుకున్నాడు. ప్లాంటులో మనుషులకు షిఫ్టులు వేయడం ఆయన పని. ఎవరు పగలు, ఎవరు రాత్రి, ఎవరికి ఏ రోజు సెలవు అన్నది కాగితం చూడకుండా చెప్పగలిగేవాడు. గుడిలో ఆయనకు ఇంకొక పని ఉండేది. మా విచారణకు, అంటే మా గుడి కిందికి వచ్చే కుటుంబాలన్నిటికీ, గురువైన ఫాదరుగారు మలయాళీ. ఆయనకు వచ్చిన హిందీ పుస్తకాల్లో నేర్చుకున్నది. ఒక్కొక్క వాక్యం ఊరి పొడుగున సాగేది. బజారులో ఉల్లిపాయల బేరానికి సరిపడే హిందీ మాత్రమే వచ్చిన మా ఆడవాళ్ళకు ఆ ప్రసంగం అందేది కాదు. అందుచేత ఆదివారం పూజ అయ్యాక తెలుగు కుటుంబాలన్నీ గుడి పక్క వరండాలో కూర్చునేవి. బావ నిలబడి ఫాదరుగారి ప్రసంగాన్ని తెలుగులో మళ్ళీ చెప్పేవాడు. ఫాదరుగారు పావుగంట మాట్లాడితే బావ అరగంట మాట్లాడేవాడు. దేవుని దయ గురించిన ప్రసంగంలోకి కూడా తెలుగులో నరకం వచ్చి చేరేది. ఈ తేడాను నేను మొదటి ఏడాదే గమనించాను. మా వాళ్ళకు బావ ప్రసంగమే నచ్చేది.

"ఫాదరుగారిది మెత్తన. మీ బావ సెప్తే గుండెల్లో దిగుద్ది" అనేవారు నాతో.

అక్క ఆ వరండాలో అందరికన్నా వెనక, ఒళ్ళో చేట పెట్టుకుని బఠాణీలు ఒలుస్తూ కూర్చునేది. ముందుకు రమ్మంటే, "ఇంటికాడ రోజూ ఇంటన్నాను. ఇక్కడ కాయలైనా ఒలుసుకోనీండర్రా" అనేది.

ఆమె రొమ్ములో గడ్డను సిగ్గుపడి ఏడాది పాటు దాచుకుంది. 1977లో ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడాది అది వెన్నెముకలోకి దిగింది. ఆస్పత్రిలో చేర్చిన మొదటి వారంలోనే డాక్టరు బావను వరండాలోకి పిలిచాడు. నేనూ వెంట వెళ్ళాను. రోగితో కాక, రోగి మగదిక్కుతో మాట్లాడడం అక్కడి ఆనవాయితీ. జబ్బు నయమయ్యేది కాదని, ఇక చేయగలిగింది నొప్పి తగ్గించడమేనని ఆయన హిందీలో చెప్పాడు. మార్ఫిన్ మొదలుపెడదామన్నాడు. అది పెరిగేకొద్దీ ఊపిరి నెమ్మదిస్తుందని, ఒకటి రెండు రోజులు ముందుగా పోయే అవకాశం కూడా ఉందని నిజాయితీగా చెప్పాడు.

బావ ఆ చివరి మాట పట్టుకున్నాడు. ముందుగా పోవడమంటే చంపడమేనని, తమ మతంలో అది హత్యతో సమానమని, నొప్పి దేవుడు పెట్టిన పరీక్ష అని అన్నాడు.

డాక్టరు హిందువు, మర్యాదస్తుడు. "భాయీసాబ్, యే తో ఆప్ కే ధరమ్ కీ బాత్ హై" అని చేతులు జోడించాడు. ఇతరుల మతంలో వేలు పెట్టకూడదన్నది ఆయన నియమం. ఆ నియమం వల్ల ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు. పక్క గదిలో మంచం మీదున్న మనిషిని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

అక్కకు సంగతి నేనే చెప్పాను. నొప్పికి ఆమె దుప్పటి అంచును పళ్ళ మధ్య పెట్టుకుని ఉంది. దాన్ని తీసి, గుమ్మంలో ఉన్న బావ వైపు చూసింది.

"ఏటయ్యా, సూదిమందొద్దన్నావంట."

"నీ మంచికేనే. ఈ నొప్పిని, మోచ్చం రాక ఉత్తరించు స్థలంలో కాల్తన్న ఆత్మలకి ఒప్పుసెప్పు. ఎంత పున్నెమో తెల్సా."

"మరి డెబ్బయ్యొకటిలో నీ కాలి మీద కాల్తన్న కోక్ పడినప్పుడు? ఆస్పత్రి అదిరిపోయీలాగ అరిసినావు. సూది మీద సూది ఏయించుకున్నావు. అప్పుడు ఏ ఆత్మకి ఒప్పుసెప్పినావు?"

బావ కొంచెం కూడా తొణకలేదు. "నాను బేగి డ్యూటీకి ఎల్లాలి కదే" అన్నాడు.

అక్క నవ్వబోయింది. ఆ నవ్వు వెన్నులోకి పోయి కేక అయింది. ఆమె మళ్ళీ దుప్పటి అంచు అందుకుంది.

ఆ ఆదివారం వరండాలో బావ తన భార్య నొప్పి గురించే చెప్పాడు. ఒక మనిషి బాధను ఇంకొకరి అవసరం కోసం దేవుని ముందు పెట్టవచ్చని, అలా పెట్టిన కోరిక తప్పక నెరవేరుతుందని అన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచే ఆస్పత్రికి మనుషులు రావడం మొదలైంది. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ సీసాలు, జపమాలలు తెచ్చేవారు. కాసేపు మంచం దగ్గర కూర్చుని, తరువాత అసలు మాట చెప్పేవారు. ఒకరికి రిసాలి కాలనీలో కంపెనీ ఇచ్చే పెద్ద క్వార్టరు కావాలి. ఒకరి కూతురికి సంబంధం కుదరాలి. ఒకరి మొగుడు తాగుడు మానాలి. మా వీధిలో రోలింగ్ మిల్లు కార్మికుని భార్య ఒకావిడ ఉండేది. ఆమె కొడుకు ప్లాంటు అప్రెంటిస్ పరీక్ష రాస్తున్నాడు. రాయడం అది రెండోసారి.

"పరీచ్చ ముందు రేతిరి నొప్పి మా గుంటడికి రాసియ్యే అప్పా. నీ పేరు సెప్పుకుంటాం" అంది ఆవిడ, అక్క పాదాలు పట్టుకుని. ఎముకల్లో జబ్బున్న మనిషి పాదాలను అంత గట్టిగా పట్టుకోకూడదని ఆవిడకు తెలియదు. అక్క అరిచింది. ఆవిడ కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది.

అడిగేవాళ్ళు ఎక్కువై ఒకే రాత్రికి ఇద్దరు పోటీ పడేసరికి బావ వంతులు వేశాడు. ప్లాంటులో షిఫ్టులు వేసినట్లే, ఎవరూ నొచ్చుకోకుండా వేశాడు. మంగళవారం రాత్రి క్వార్టరు వాళ్ళది. బుధవారం పెళ్ళి సంబంధం. శుక్రవారం నొప్పి ఎక్కువగా వచ్చిందని, అది తాగుడు కేసుకు సరిపోతుందని అన్నాడు. నేను ఎదురు చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"నీకు కార్బన్ తెలుసు బామ్మర్దీ. ఇది నీ లేబొరేటరీ కాదు" అన్నాడు.

పగటి పూట వచ్చినవాళ్ళు రాత్రి నొప్పి ఎలా వచ్చిందని అక్కనే అడిగేవారు. తక్కువగా వచ్చిందంటే వాళ్ళ ముఖాలు వాడిపోవడం నేను కళ్ళారా చూశాను. అక్క కూడా చూసింది. "బాగానే వొచ్చిందమ్మా, మీ పిల్లకి మంచి సమందం వొస్తాది" అని ఒకసారి వాళ్ళ కోసం అబద్ధం కూడా ఆడింది. వాళ్ళు వెళ్ళాక నాతో, "ఒరే తమ్ముడా, ఇదేటి రా, నా ఒళ్ళు రేసన్ దుకానం అయిపోనాది" అంది.

నేను ఆ సాయంత్రమే గురువుగారి నివాసానికి వెళ్ళాను. ఆయన నా మాటలను అడ్డు రాకుండా విన్నారు. విన్నాక అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఆమె ఏమంటోంది?" అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఇంజక్షను కావాలంటోందని చెప్పాను. అయితే ఇవ్వవలసిందేనన్నారు. తిరుసభ నొప్పిని ప్రేమించమని ఎవరినీ శాసించలేదని, రెండు దశాబ్దాల క్రితమే ఒక పోపుగారు వైద్యులతో ఈ విషయం తేల్చి చెప్పారని అన్నారు. మందు ఇచ్చే ఉద్దేశం నొప్పి తీర్చడమే అయినప్పుడు, వేరే దారి లేనప్పుడు, దాని వల్ల ఆయుష్షు కొంత తగ్గినా అది హత్య కాదు. చంపాలని ఇస్తే హత్య. రోగి తన ఆత్మకు సంబంధించిన పనులు ముగించుకునేలా ముందు మెలకువగా ఉన్న సమయం చూసి పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం జరిపించి, సత్ప్రసాదపు రొట్టె ఇవ్వాలి. ఆపైన ఆమెను హాయిగా నిద్రపోనివ్వాలి. ఎవరైనా తన బాధను తాను ఇష్టపడి దేవునికి ఇచ్చుకుంటే అది వేరే సంగతి. ఇంకొకరి బాధను మనం అర్పించలేం.

"వంతులు వేశారా?" అని రెండుసార్లు అడిగారు. వేశారని రెండుసార్లు చెప్పాను.

మర్నాడు ఆయన పవిత్ర తైలం, సత్ప్రసాదం తీసుకుని ఆస్పత్రికి వచ్చారు. తైలాన్ని చూడగానే బావ ముఖం పాలిపోయింది. మా వాళ్ళు ఇంకా దాన్ని అవస్థాభ్యంగనం అనే అంటారు. చావు గుమ్మంలోకి వచ్చాకే పూయించుకోవాలనుకుంటారు. అక్క మాత్రం నుదుటి మీద, అరచేతుల్లో నూనె పూయించుకుని, "సల్లగుంది" అంది. సత్ప్రసాదం అయ్యాక గురువుగారు మంచం పక్కన కుర్చీ లాక్కుని, నాకు చెప్పినదంతా ఆమెకు హిందీలో చెప్పారు. ఎప్పటిలాగే పొడుగాటి వాక్యాలు. అక్క వినాలని ప్రయత్నించింది. నొప్పిలో ఏ మాట మొదలూ ఏ మాట చివరా ఆమెకు చిక్కలేదు. అలవాటు చొప్పున బావ వైపు తిరిగింది.

"నొప్పి అన్నాడు, మందన్నాడు. ఏటంటన్నాడు?"

బావ గొంతు సవరించుకున్నాడు. "నొప్పే దేవుడిచ్చిన మందంట. ఓపిక పట్టమంటన్నారు. నీ మూలంగా మన విచారణంతా బాగుపడతాదంట."

ఒకే గదిలో, గురువు ఎదుట, అంత నింపాదిగా. గురువుగారు బావ చెప్పింది అర్థం కాక, సరిగ్గానే చెప్పాడనుకుని, తల ఊపారు కూడా. ఆ తల ఊపడం చూసి అక్క కళ్ళు మూసుకుంది.

"ఆయన అలా అనలేదు అక్కా" అన్నాను. గురువుగారు అన్నదాన్ని వాక్యం తరువాత వాక్యం తెలుగులో చెప్పాను. బావ చెప్పినదాన్ని హిందీలో గురువుగారికి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు. బావ గోడ వైపు చూశాడు.

అక్క కళ్ళు తెరిచింది. "నువ్వు లెక్క తప్పవు కదరా. ఇంకోపాలి సెప్పు."

ఇంకోసారి చెప్పాను.

"పాపం నేదన్నాడు."

"లేదన్నారు."

"ఎవులి వంతూ నేదన్నాడు."

"ఎవరి వంతూ లేదన్నారు."

"అయితే డాక్టర్ని పిలు."

డాక్టరుతో గురువుగారే మాట్లాడారు. మతం తరఫు మనిషే వచ్చి చెప్పడంతో డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సాయంత్రం అక్కకు మొదటి ఇంజక్షను ఇచ్చారు. కాసేపట్లో దుప్పటి అంచు ఆమె వేళ్ళలోంచి జారింది. నేను మర్నాడు పొద్దున్న డ్యూటీకి పోతూ ఆగితే టీ అడిగింది. చాలా రోజుల తరువాత తానై అడిగిన మొదటి వస్తువు అది. "గురక ఎట్టినానంట, నర్సమ్మ సెప్పింది. మీ బావ పక్కన పదారేళ్ళు పొడుకున్నాను, గురకంతా ఆయనదే. ఇన్నాళ్ళకి నా వంతొచ్చింది" అంది.

రెండో రోజు సాయంత్రం ఇంజక్షను ఇచ్చి నర్సు వెళ్ళిన కొద్దిసేపటికి రోలింగ్ మిల్లు వాళ్ళావిడ వచ్చింది. మర్నాడు ఆమె కొడుకు పరీక్ష. ఆ రాత్రి వంతు ఆమెది. మంచం మీద సాఫీగా పడుకున్న మనిషిని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అప్పా, ఏటిది? నొప్పి నేదేటి?"

"నేదు" అంది అక్క. మాట అప్పటికే మందగించింది.

"మరి మా గుంటడి సంగతి?"

"ఆడ్ని పొడుకోకుండా సదవమను. నాను పొడుకుంటాను."

అంటూనే నిద్రలోకి జారింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. చిన్న గురక మొదలైంది. ఆవిడ మంచం పక్కన నిలబడి ఆ గురక వింటూ ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నదో నాకు స్పష్టంగా తెలుసు. అక్క కోసం కాదు. వెళ్ళేటప్పుడు హార్లిక్స్ సీసా తిరిగి సంచిలో పెట్టుకుంది. మెట్ల దగ్గర బావ ఎదురైతే, "మంగళారం వాళ్ళకి ఇచ్చినావు, బుదారం వాళ్ళకి ఇచ్చినావు. మా కాడికొచ్చీసరికి నిద్దరోయిందా? మేం మనుసులం కాదేటి అన్నా?" అని గట్టిగానే అడిగింది. నలుగురూ విన్నారు. ఇరవై మంది కింది మనుషుల ముందు మాట పోగొట్టుకోని ఫోర్‌మన్ ఆయన. పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చాడు.

మూడో రోజు సాయంత్రం నేను ఆస్పత్రి మెట్లు ఎక్కుతుండగానే అక్క కేక వినబడింది.

డాక్టరు గదికి వెళ్ళాను. పొద్దున్న మీ బావగారు వచ్చారన్నాడు. రోగియే మనసు మార్చుకుందని, మరియమ్మ కలలో కనిపించిందని, ఇంజక్షను ఆపమని ఏడ్చిందని చెప్పారన్నాడు. అది అబద్ధమని, ఆమె మంచం ఆ గోడకు అవతలే ఉందని, వెళ్ళి అడగమని అన్నాను.

"నొప్పిలో ఉన్న మనిషి ఏమైనా అంటుంది. దాని మీద నిర్ణయం తీసుకోలేం" అన్నాడాయన. భర్త ఒక మాట, తమ్ముడు ఒక మాట చెబితే తాను భర్త మాటే వినాలని, గురువు మళ్ళీ వచ్చి చెబితే అభ్యంతరం లేదని అన్నాడు. మర్యాదగానే అన్నాడు. టీ తాగుతారా అని కూడా అడిగాడు.

గురువుగారు అప్పటికే, ఏటేటా గురువులకు జరిగే ధ్యానానికి, రాయపూరు వెళ్ళారు. మర్నాడు మొదటి బస్సెక్కాను. కుమ్హారి దగ్గర రైల్వే గేటు పడి, గూడ్సు బండి తీరుబడిగా పోయేదాకా బస్సు నిలిచిపోయింది. మా ప్లాంటు ఇనుపదూలాలే వెళ్తున్నాయి. ధ్యానం మౌనంగా సాగుతుందని, మధ్యలో ఎవరినీ పిలవకూడదని రాయపూరులో ఆ ధ్యానగృహపు కాపలా మనిషి పట్టుబట్టాడు. చివరికి లోపలి పెద్ద గురువు కనికరించి ఆయనను పంపారు. మేమిద్దరం ఆస్పత్రికి చేరేసరికి అక్క మంచం మీద పరుపు చుట్టి పెట్టి ఉంది.

బావ నా దగ్గరకు వచ్చి భుజం మీద చేయి వేశాడు. "సివరిదాకా ఒప్పుసెప్పుకుంటానే పోనాది" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నిజమైనవే. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

సమాధి దగ్గర గురువుగారు హిందీలో నాలుగు మాటలు చెప్పారు. ఈ స్త్రీకి మనం చేయగలిగిన చిన్న దయ ఒకటి ఉండిందని, దాన్ని మనం చేయలేదని, క్షమించమని దేవుణ్ణి అడుగుదామని అన్నారు. తరువాత బావ తెలుగులో చెప్పాడు. ఈ స్త్రీ ఒక్క సూదిమందు కూడా ముట్టకుండా మన పాపాల కోసం బాధపడిందని, ఆమెను మన కోసం ప్రార్థించమని అడుగుదామని అన్నాడు. నేను నోరు తెరిచాను. మా ప్రాంతపు పెద్దాయన ఒకరు నా మోచేయి నొక్కారు.

"సవం ముందు లెక్కలేటి బాబూ" అన్నారు.

క్వార్టరు వాళ్ళకు రిసాలిలో క్వార్టరు వచ్చింది. అక్క వల్లనే వచ్చిందని ఇంట్లో ఆమె ఫోటో పెట్టుకున్నారు. నేను విచారించాను. కేటాయింపు ఉద్యోగంలో చేరిన తేదీ ప్రకారం జరుగుతుంది; ఆ విడతలో తరువాతి వంతు ఎలాగూ వాళ్ళదే. పెళ్ళి సంబంధం కుదిరింది. అక్క ఆస్పత్రిలో చేరకముందే మాటలు నడుస్తున్నాయట. తాగేవాడు తాగుతూనే ఉన్నాడు. అతని సంగతి ఎవరూ ఎత్తరు. ఏటేటా వర్ధంతి పూజ తరువాత వరండాలో బావ సూదిమందు ముట్టని భార్య కథ చెబుతాడు. కొత్త గురువులు వచ్చారు, పాత గురువుగారు బదిలీ అయ్యారు, డాక్టరు ఊరు వదిలాడు. రెండు రాత్రుల మాట నేను ఎత్తినప్పుడల్లా, బావ మీద నాకున్న కోపం కొద్దీ అంటున్నానని మా వాళ్ళు ఓపికగా వింటారు.

1986లో ఒక సాయంత్రం పవర్ హౌస్ బజారులో రోలింగ్ మిల్లు వాళ్ళావిడ కనిపించింది. రెండు చేతులా కూరగాయల సంచులు. పలకరింపులయ్యాక కొడుకు గురించి అడిగాను. ఆవిడ సంచులు కింద పెట్టింది.

"ఏటి సెప్మంటావు బాబూ. ఆ పరీచ్చ పోయింది, ఇంకెక్కడా కుదరనేదు. ఆటో తోల్తన్నాడు. మీ అక్క ఆ రేతిరి నిద్దరోకపోతే ఈ పాటికి మావోడు ప్లాంటులో ఉండీవోడు."

"నిద్రపోయిందా?" అన్నాను.

"పోలేదేటి? సూది ఏయించుకుని, నా కళ్ళ ముందే పొడుకుంది. గురక కూడా ఎట్టింది. ఆయమ్మ ఇప్పుడు పునీతురాలంట. ఎవులికి సెప్పినా నన్నే తిడతారు."

ఎనిమిదేళ్ళలో ఆ మాట నేను తప్ప ఇంకొక మనిషి అనగా వినడం అదే మొదలు. ఆమెది దుఃఖం కూడా కాదు, వంతు పోయిందన్న కక్ష. సాక్ష్యానికి అది సరిపోతుంది. నేను వంగి ఆమె సంచులు రెండూ ఎత్తుకున్నాను. ఆటోలు ఆగే చోటు రోడ్డుకు అవతల ఉంది.

"హాయిగా పడుకుందా?" అన్నాను.

"మా బాగా పొడుకుంది బాబూ. నోరు తెరుసుకుని, సంటిపిల్లలాగ" అంది ఆవిడ, ఇప్పటికీ కోపంగానే.

"ఇంకోసారి చెప్పండి" అన్నాను.